ఐదింతల స్తోత్రం

అన్నం గిన్నె మూత ఎవరూ తియ్యలేదు.

చర్చి నుంచి వచ్చి గంట దాటింది. పొద్దున్నే వండి పెట్టి వెళ్లిన కోడికూర చల్లారి, పైన నూనె తేరింది. వేరే ఆదివారమైతే ఈపాటికి మైసమ్మకూ కొడుక్కూ కార్జం ముక్క దగ్గర ఒక చిన్న తగవు వచ్చి, తీరిపోయి కూడా ఉండేది. ఈవేళ తగవు అంతకంటే పెద్దది. తీరే దారి కనబడటం లేదు.

రూప ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుంది. పుట్టింటికి వచ్చిన పిల్ల ముందుగా చేసే పని చేతిసంచి ఓ మూల పారేసి వంటింట్లోకి పోవడం. ఆ సంచి ఇంకా భుజానే ఉంది. ఎదురుగా ఆమె అన్న బెంజమిన్ గోడకు ఆనుకొని, చొక్కా పైగుండీ విప్పుతూ పెడుతూ ఉన్నాడు. తల్లి మైసమ్మ చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే గడపలో చతికిలబడింది. ఇంటి కోడలు గ్రేస్ మాత్రం వంటింట్లో కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతోంది. నీళ్ల చప్పుడు ఉన్నంతసేపూ ఎవరూ తనను పిలవరని ఆమె ఆశ.

"నేను తప్పేం రాయించిన," అంది మైసమ్మ నాలుగోసారి. "ఉన్నదే రాయించిన."

అదే కదా వచ్చిన తంటా. ఉన్నదే రాయించింది.

పానగల్‌లో వాళ్లు పోయే చర్చిలో ఒక పద్ధతి ఉంది. మేలు కలిగినవాళ్లు తోచినంత ఒక కవర్లో పెట్టి, అది ఏ మేలుకో పైన రాసి కానుక పెట్టెలో వేస్తారు. ప్రసంగానికి ముందు పాస్టరు ఒక్కో కవరే తీసి మైకులో చదువుతాడు. భిక్షపతి బర్రె ఈనినందుకు. జంగమ్మ మనవడికి జ్వరం తగ్గినందుకు. ప్రతిదానికీ అందరూ ఆమెన్ అంటారు. ఈ వారం మూడో కవరు మైసమ్మది. ఆమెకు అక్షరాలు రావు కనుక పాస్టరు భార్య చేత రాయించింది. పాస్టరు కళ్లజోడు సర్దుకొని ఒక్క ముక్క పోకుండా చదివాడు.

"మా కోడలు గ్రేస్‌కు రెండు కచేరీ టికెట్ల మీద ఐదింతల ఫలము దయచేసినందుకు దేవునికి స్తోత్రము."

ఆమెన్ అంది సంఘం. ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చున్న రూప అనలేదు. ఆ టికెట్లు రెండూ రూపవి.

రూప భర్త నల్లగొండలో కానిస్టేబులు. హైదరాబాదులో ఆ గాయని కచేరీ ఉందని తెలిసినప్పుడు మొగుడూ పెళ్లాం మూడు నెలల ముందే టికెట్లు తీసుకున్నారు. పల్లె పాటలు పాడే ఆ గాయని గొంతంటే రూపకు ప్రాణం. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి అనుకున్న మొదటి ప్రయాణం అది. కచేరీ వచ్చే శనివారం. తీరా ఆ రోజుకే బందోబస్తు డ్యూటీ పడి సెలవు పోయింది. రూప ఒక పూట ఏడ్చి, టికెట్లు వదిన ఫోనుకు పంపింది. ఇష్టమున్న వాళ్లెవరికైనా ఇవ్వమని, తాము పెట్టిన పైసలు తమకొస్తే చాలని చెప్పింది. గ్రేస్ ప్రైవేటు బడిలో టీచరు. ఆమె ఫోను నిండా గ్రూపులే. రెండు రోజుల్లో రూప పెట్టిన పైసలు రూపకు పంపేసింది. రూప దండం బొమ్మ పెట్టి ఊరుకుంది.

రూపకు తెలియనిది ఆ రెండు రోజుల్లో జరిగిన బేరం.

గ్రేస్ ధర పెంచలేదు. ఇది ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకున్న మాట. టికెట్లు ఉన్నాయని గ్రూపులో పెట్టింది, అంతే. ఒకరు రెండింతలు ఇస్తామన్నారు. ఇంకొకరు మూడింతలన్నారు. ఆమె జవాబివ్వకుండా ఊరుకుంది. ఊరుకున్న కొద్దీ ధర పెరిగింది. చివరికి పరశురాములు అనే అతను పన్నెండు వందల టికెట్టుకు ఆరువేలు ఇస్తానని రాశాడు. కింద ఇంకో ముక్క కూడా రాశాడు. "మా చిన్నమ్మ కోసం అక్కా." ఆ ముక్క చదివే అమ్మింది గ్రేస్. పైసలు పడగానే టికెట్లు పంపి, మళ్లీ ఫోన్ చేసి బతిమాలుతాడేమోనని అతని నంబరు బ్లాకు చేసింది.

ఇది జరిగి పది రోజులు. ఆ పైసల్లో ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మిక్సీ కొందామని దుకాణం దాకా పోయి, ధర అడిగి వచ్చింది. చేయి రాలేదు. అప్పుడు తోచింది దశమభాగం సంగతి. పదో వంతు దేవునికి ఇచ్చేస్తే మిగిలిన తొమ్మిది వంతులూ కడిగినట్టవుతాయనుకుంది. అత్త చేతిలో వెయ్యి పెట్టి, టికెట్ల మీద ఐదింతలు వచ్చాయి, కానుక వెయ్యమంది. మైసమ్మ సంతోషానికి మేర లేదు. సంతోషం కలిగితే గుప్పిట్లో పెట్టుకొనే మనిషి కాదాయె.

కుళాయి కట్టేసింది గ్రేస్. ఇంకెంతసేపని కడుగుతుంది? చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది.

తప్పు చేసినవాళ్లు తగ్గి మాట్లాడతారని లోకం అనుకుంటుంది గానీ, చాలాసార్లు వాళ్ల గొంతే ముందు లేస్తుంది. తానేం దొంగతనం చెయ్యలేదంది గ్రేస్. ఇస్తానన్నవాడు తన ఇష్టంతో ఇచ్చాడు. అదే గ్రూపులో పదివేలకు అమ్మినవాళ్లు ఉన్నారు. మైసమ్మ మర్రిగూడ సంతలో బుట్ట సీతాఫలాలు కొని నల్లగొండలో రెండింతలకు అమ్మేది కాదా, ఆ పైసలతోనే కదా ఈ ఇంటికి రేకులు పడ్డాయి? పండుగ స్పెషల్ బస్సు అని రాస్తే టికెట్ ధర పెరగదా?

ఆ చివరి మాట మొగుడికి తగలాలనే అంది. బెంజమిన్ బస్సు కండక్టరు. చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. అలా రాసిచ్చిన పదిహేడు రూపాయలు తీసుకోకుండానే దిగిపోయిన ఒక ముసలమ్మను వెతుక్కుంటూ, సెలవు రోజున రామన్నపేట దాకా పోయి ఇచ్చి వచ్చినవాడు. ఇంట్లో ఆ కథ చెప్పుకొని ఇప్పటికీ నవ్వుతారు. ఈవేళ ఎవరికీ నవ్వు రాలేదు.

"పెరుగుతది," అన్నాడు బెంజమిన్. "పెరిగింది టికెట్ మీదనే అచ్చయితది. ఎక్కేటోడు చూసి ఎక్కుతడు, నేను చూసి కొడుత. నువ్వు పెంచింది నాకు తెల్వదు, మా చెల్లెకు తెల్వదు. పాస్టరు మైకుల చదివితె తెలిసింది."

అతను అరిచి ఉంటే గ్రేస్‌కు బాగుండేది, తిరిగి అరవడానికి వీలుండేది.

మైసమ్మకు సీతాఫలాల మాట ముల్లులా దిగింది. బస్సు దొరక్క తాను బుట్ట నెత్తిన పెట్టుకొని పదహారు కిలోమీటర్లు నడిచిన రోజులున్నాయని, ఆ రెండింతల్లో తన మెడ నొప్పి కూడా ఉందని గొణిగింది. కోడలు నెత్తిన ఏం మోసిందో మాత్రం అడగలేదు. అడగకుండానే అది గదిలో వినబడింది.

అప్పుడు రూప సంచి భుజం నుంచి దించి ఒళ్లో పెట్టుకుంది.

"పైసల కోసం రాలేదు వదినా. గవి నాకొద్దు," అంది. "శుక్రవారం నాకొక ఫోనొచ్చింది. గది చెప్పనీకి వచ్చిన."

టికెట్ మీద కొన్నవాళ్ల పేరూ నంబరూ ఉంటాయి. ఆ నంబరు పట్టుకొని మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడట. పేరు గుర్వయ్య. గొర్లు కాస్తాడు. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మకు ఆ గాయని పాటలంటే పిచ్చి. ఫ్లోరైడు ఉన్న అక్కడి పాత బోరునీళ్లు తాగి తాగి ఆమె నడుము వంగదు, మెడ తిరగదు. ఇన్నేళ్లలో దవాఖానకు తప్ప ఎక్కడికీ తీసుకుపోలేదని, ఈ ఒక్కసారి ఆమెను పాట దగ్గరికి తీసుకుపోతున్నానని, టికెట్లు ఇచ్చిన తల్లి కడుపు చల్లగుండాలని చెప్పడానికి చేశాడట. మెడ తిరగనిదానికి పాట ఎదురుగానే ఉండాలి గదా బిడ్డా అని నవ్వాడట కూడా.

"ధర జర పిరమే గానీ ఏం గాదు, మల్లన్న పేరు మీద ఇడిచిన పొట్టేలును అమ్మినం అన్నడు. టికెట్ ఆరువేలు అన్నడు. కాదు బాపూ, పన్నెండు వందలే, మాకు వచ్చింది గంతనే, నిన్నెవరో మోసం జేసిన్రు అని చెప్పిన. ఫోన్ పెట్టేసిండు." రూప తల వంచుకుంది. "నడుమ ఎవరో తిన్నరు అనుకున్న వదినా. ఇయ్యాల చర్చిల కూసున్నంక తెలిసింది."

దేవుడి పేరు మీద విడిచిన పొట్టేలును గొల్లవాళ్లు అమ్మరు. ఆ సంగతి పానగల్‌లో చర్చికి పోయేవాళ్లకు కూడా తెలుసు. చెవి కోసి వదిలితే ఇక అది మందలో తిరిగే మొక్కు. అది అమ్మి ఒకాయన భార్యకు పాట కొనుక్కున్నాడు. అందులోంచి పదో వంతు తీసి ఇంకో దేవుడి పెట్టెలో వేసింది గ్రేస్. ఇద్దరు దేవుళ్ల దగ్గరా ఒకేసారి మాట పోగొట్టుకున్నట్టు అనిపించింది ఆమెకు.

ఎవరూ చూడకుండా ఏడవాలనుకుంది. దానికంటే ముందు ఇంకోటి చెయ్యాలనుకుంది. పడకగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. తలగడ కింద ఫోను తీసి, పైసలు వచ్చిన నంబరుకే, తాను మిగుల్చుకున్న తొమ్మిదివేల ఆరువందలూ తిరిగి కొట్టింది. అత్తకిచ్చిన వెయ్యి తన జీతంలోంచి పూడ్చింది. ఒక్క మాట రాయలేదు. ఏమని రాస్తుంది? పచ్చగా టిక్కు పడింది. పది రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. మనిషికి అంత సులువుగా హాయి దొరికిందంటే ఆ బండ ఎక్కడో ఎవరి మీదనో పడి ఉంటుంది. ఆ ఆలోచన అప్పుడు ఆమెకు రాలేదు.

బయటికి వచ్చి, ఫోను మొగుడి ముందు పెట్టింది. "ఇగో. పంపిన. మొత్తం పంపిన. ఇగ నన్నెవరూ ఏమనకుండ్రి."

బెంజమిన్ ఫోను చూశాడు. ఎవరికి పంపావన్నాడు. వచ్చిన నంబరుకే అంది. పెద్దాయనతో మాట్లాడావా అన్నాడు. లేదంది. అతను ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు.

మైసమ్మ లేచింది. ఇచ్చేశాక ఇంకా ఏం పంచాయితీ, తినండ్రి బిడ్డా అంటూ కూర పొయ్యి మీద పెట్టింది. రూప కూడా లేచి కంచాలు తీసింది. వదిన పక్కన నిలబడి ఉల్లిగడ్డ కోస్తూ, నాతో ఒక్క మాట అంటే నేనే అమ్ముకొమ్మందును గదా వదినా అంది. గ్రేస్ తల ఊపింది. ఆ మాటకు వచ్చిన కన్నీళ్ల నింద ఉల్లిగడ్డ మీదికి పోయింది. కాసేపు ఆ ఇల్లు ఎప్పటి ఆదివారంలాగే ఉంది.

నలుగురి ముందూ కంచాలు పడ్డాక రూప ఫోను మోగింది.

"గాయనే," అంది రూప, నంబరు చూసి. చేయి ఎంగిలిగా ఉందని ఎడమ చేత్తో నొక్కి, స్పీకరు పెట్టి నేలమీద ఉంచింది. క్షమాపణ చెప్పి ముగిద్దామనుకుంది పాపం. ఆయన చెప్పనిస్తే కదా.

"బిడ్డా, రూపమ్మా. నేను గుర్వయ్యను," అన్నాడు. గొంతు అలిసిపోయి ఉంది. వెనక నుంచి చాలామంది మాటలు, మధ్యమధ్య గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. "నువ్వు చెప్పింది నిజమే తల్లీ. దొంగ ఇంట్లనే దొరికిండు."

ఆయన చెప్పుకుపోయాడు. పరశురాములు ఆయన అన్న కొడుకు. తల్లి పోయిన పిల్లవాణ్ని లక్ష్మీనర్సమ్మే తన బిడ్డలా సాకింది. టికెట్లు తెచ్చింది వాడే, పొట్టేలు పైసలు ఇచ్చింది వాడి చేతికే. రూప చెప్పిన ధర విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు మింగి, ఇవాళ పొద్దున కులపెద్దలను కూర్చోబెట్టి అడిగాడు. మొత్తం పంపానని వాడు ఒట్టు పెట్టుకున్నాడు. పంపినట్టు ఫోనులో చూపించాడు.

"పంపింది నీ పేరు మీద గాదు బిడ్డా. టికెట్ మీద రూప అని ఉంది, వాడు పంపింది ఇంకెవరికో. గ్రేసట. గా గ్రేసు ఎవరురా అంటె తెల్వదంటడు. ఫోన్ కొట్టి మాట్లాడిపియ్యి అంటె, ఎన్నిసార్లు కొట్టినా పోతలేదంటడు. అబద్ధం పేరని మా పెద్దమనుషులు అప్పుడే అన్నరు. నేను నమ్మలే. సాకినోన్ని గదా."

గ్రేస్ చేతిలో ముద్ద అలాగే ఉంది. గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. చూడకపోవడం చూసినదానికంటే ఎక్కువగా తగిలింది.

"అగ్గో, గప్పుడే," అన్నాడు గుర్వయ్య. "సూస్కోండ్రి, ఒక్క రూపాయి ఉంటె నా చెయ్యి నరకుండ్రి అని ఫోను తీసి అందరి ముందల పెట్టిండు. పెట్టిన గంటసేపటికి ఫోను టంగుమన్నది. పర్వతాలని మా పిలగాడు చదివిండు. గా గ్రేసు కాడికెల్లే వచ్చినయి పైసలు. తొమ్మిదివేల ఆరువందలు. నువ్వు చెప్పిన ధర పోంగ ఎంత మిగలాల్నో గంతే, రూపాయి తేడా లేదు. ఇద్దరు కలిసి తిన్నరు, పంచాయితీల పడ్డదని ఆమె భయపడి తిప్పి పంపింది."

బెంజమిన్ కళ్లు మూసుకున్నాడు. ఇందాక అడగబోయి ఊరుకున్న మాట ఇదేనేమో.

"నా పెండ్లాం గా పాట మీద మన్ను పొయ్యి అంటాంది. పొద్దటి సంది గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నిన్ను అనుమానపడ్డందుకు నాది తప్పయింది బిడ్డా, మనసుల పెట్టుకోకు. వాన్ని ఇగ మంద కాడికి రానియ్యం. గది చెప్పుదామనే చేసిన."

రూప ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నేల మీది ఫోను తీసి, దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, వదిన చెవి దగ్గరికి వంగింది. నేనే చెప్పుత వదినా, గ్రేస్ అన్నది నా ఇంకో పేరని చెప్పుత, పోతది, అంది గుసగుసగా. ఆ మాట నిజంగానే అంది. తన మీద వేసుకోవడానికి సిద్ధమై అంది.

గ్రేస్‌కు ఒక్క క్షణం ఆ దారి చాలా దగ్గరగా కనిపించింది. పొద్దున నుంచి ఆమె అన్ని తలుపులూ అలాగే దాటుతూ వచ్చింది, చప్పుడు కాకుండా, పేరు లేకుండా. అత్త వైపు చూసింది. మైసమ్మకు లెక్కలు రావు, ఫోన్ల సంగతి తెలియదు. కానీ ఆమె కంచం పక్కకు జరిపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. చర్చిలో ఇంకొకరి కవరు చదువుతున్నప్పుడు వినడానికి ఆమె అలాగే కూర్చుంటుంది.

గ్రేస్ ముద్ద కంచంలో పెట్టేసి, రూప చేతిలోంచి ఫోను తీసుకుంది.

"బాపూ. నేను గ్రేస్‌ను."

ఆమె ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"అబద్ధం పేరు కాదు బాపూ. రూప మా ఆడబిడ్డ. టికెట్లు నాకిచ్చి అమ్ముమన్నది. మీ పరశురాములు దగ్గర పన్నెండువేలు తీస్కున్నది నేనే. మిగిలినయి దాసుకున్నది నేనే. ఆయన రూపాయి ముట్టలే. నేనే ఆయన నంబరు బందు పెట్టిన, అందుకే ఫోన్ పోలే. గిప్పుడు పంపింది గూడ నేనే. ఆయనకు ఏం తెల్వదు."

మాటలు అన్నీ వచ్చాయి. అవతల గుర్వయ్య ఊపిరి వినబడుతోంది. ఆయన తిడతాడని ఎదురుచూసింది. తిడితే పడాలని ఉంది.

"జర ఆగు బిడ్డా," అన్నాడాయన. తర్వాత ఫోను దూరం పెట్టి కేకేశాడు. "ఒరేయ్ పర్వతాలూ, వాన్ని ఆపుండ్రి. పరశురామూ! ఆగురా!"

ఎవరో పరుగెత్తిన చప్పుడు. మోటారు సైకిలు కిక్కు కొట్టిన చప్పుడు, ఒకటి, రెండు. మూడోదానికి అందుకుంది. గొర్రెలు ఒక్కసారిగా అరిచాయి. బండి చప్పుడు దూరమై, ఏదో మలుపు తిరిగి ఆగిపోయినట్టయింది. ఆగలేదు, వినబడటం మానేసింది.

"ఫోన్ చెయ్యుండ్రి ఆయనకు," అంది గ్రేస్. "నేను చెప్పుత. ఆయనతోనే చెప్పుత."

"వాని ఫోను నా చేతులనే ఉంది బిడ్డా," అన్నాడు గుర్వయ్య. అవతల ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి చేరుతున్న అలికిడి. "పంచల అందరున్నరు. ఫోను పెద్దగ పెట్టిన. ఇందాక నాకు చెప్పిందే మళ్ల చెప్పు. వినాల్సినోడు పోయిండు. మేమన్న వింటం."